పగలు పడుకునేవాడి వాటా

మొదట పోయినవన్నీ రాస్తాను. ఒక కిటికీ అద్దం, నలభై ఐదు రియాళ్లు. ఒక దుప్పటి, ఒక చాప, రెండూ పాతవే కాబట్టి ఇరవై. నాలుగు రోజుల నా కూలి, రెండు వందల నలభై. ఆసుపత్రికి తిరిగిన టాక్సీలకు ఎనభై ఐదు. నెలకు పదిహేను వందల చొప్పున, ఆ పగలు పడుకునేవాడి కాంట్రాక్టులో మిగిలిపోయిన పదిహేడు నెలల జీతం ఇరవై ఐదు వేల ఐదు వందలు. ఇంతవరకు కూడితే ఇరవై ఐదు వేల ఎనిమిది వందల తొంభై. ఆసుపత్రి బిల్లు అతను పనిచేసే హోటల్ వాళ్ల ఇన్సూరెన్స్ కట్టింది కనుక ఇందులో రాయలేదు.

రేటు కట్టలేనివి మూడున్నాయి. అతని ఎడమచేతి పట్టు. అతనికి ఎంత వెతికినా దొరకని ఒక చలికాలం. నేను గుమ్మం బయట కూర్చుని అన్నం తిన్న పన్నెండు నిమిషాలు.

మేము ఎనిమిది మందిమి ఖమీస్ ముషైత్‌లో ఒక ముసలి సౌదీ ఇంటి కింది భాగంలో ఉంటాం. పైన అతని కుటుంబం ఉంటుంది. మా ఎనిమిది మందిదీ జగిత్యాల, నిజామాబాద్ వైపే. సౌదీలో చలి అంటే ఊళ్లో నవ్వుతారు. ఈ ఊరు కొండల మీద ఉంది. జనవరిలో నల్లా నీళ్లు తగిలితే వేళ్ల కణుపులు నొప్పి పెడతాయి. సిమెంటు ఇటుకల గోడలు, కాంక్రీటు కప్పు, కింద టైల్స్. ఎండంతా మేడ మీదే ఆగిపోతుంది, మా గదుల్లోకి ఏ వైపు నుంచీ దిగదు.

నేను టైల్స్ మేస్త్రీని. చదివింది ఏడో తరగతి. లెక్క నాకు పని నేర్పింది. గది కొలతలు చెబితే ఎన్ని టైల్స్ పడతాయో, ఎన్ని ముక్కలు వృథా పోతాయో కాగితం లేకుండా చెబుతాను. అందుకే మా మెస్సు హిసాబు, కరెంటు హిసాబు తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. ఇంటి యజమాని మా భాగానికి వేరే మీటరు పెట్టించి యూనిట్‌కు ముప్పై హలలాలు తీసుకుంటాడు, వంద హలలాలైతే ఒక రియాలు. రీడింగు నేను తీస్తాను, ఎనిమిదితో నేనే భాగిస్తాను. ఇన్నేళ్లలో ఒక్క హలలా దగ్గర కూడా గొడవ రాలేదు. దాని గురించి నాకు లోపల కొంచెం గర్వం ఉండేది.

మామూలు నెలలో మాకు రెండు వందల నలభై రియాళ్ల బిల్లు వస్తుంది, తలకు ముప్పై. ఆ ఏడు చలి ముదిరిన మొదటి నెల ఆరు వందల డెబ్బై రెండు వచ్చింది. తలకు ఎనభై నాలుగు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఎవరూ సరిగా తినలేదు. మీటరు మీదే అనుమానం వచ్చింది కొందరికి. నాకు రాలేదు. పెద్ద గదికి ఒక హీటరు, చిన్న గదికి ఒకటి, ఒక్కోటి గంటకు రెండు యూనిట్లు లాగుతుంది. రెండూ రోజుకు పన్నెండు గంటలు నడిస్తే నలభై ఎనిమిది యూనిట్లు. నెలకు నాలుగు వందల ముప్పై రెండు రియాళ్లు. మిగిలిన రెండు వందల నలభై ఎప్పుడూ ఉండేదే. లెక్క సరిపోయింది.

నేను ఒక పద్ధతి చెప్పాను. హీటర్లు సాయంత్రం ఏడు నుంచి పది వరకు, మళ్లీ తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదు వరకు. నాలుగు గంటలు మాత్రమే. అప్పుడు హీటర్ల ఖర్చు నూట నలభై నాలుగుకు దిగుతుంది, తలకు ముప్పై ఆరు రియాళ్లు మిగులుతుంది. ఏడుగురం అక్కడే ఒప్పుకున్నాం. ఎనిమిదో మనిషి అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు.

అతను మందీ హోటల్‌లో వంటమనిషి. నేలలో తవ్విన గుంత పొయ్యిలో బొగ్గుల మీద మాంసం, దాని కింద అన్నం పెట్టి మగ్గబెడతారు. అదీ అతని పని. సాయంత్రం ఆరింటికి వెళితే మర్నాడు పొద్దున పదింటికి వచ్చేవాడు. వచ్చి చిన్న గదిలో పడుకుని మళ్లీ ఐదింటికి లేచేవాడు. ఆ గదిలో పడుకునే మిగతా ఇద్దరూ అప్పటికి పనుల మీద ఉండేవాళ్లు. నాకంటే పదకొండేళ్లు చిన్న. ఊళ్లో బోరు వేయించిన అప్పు ఉంది, ఈ కాంట్రాక్టు పూర్తయ్యేవరకు ఉంటే అది తీరుతుందని ఎప్పుడూ చెప్పేవాడు.

అంటే మేము హీటరు వేసుకునే నాలుగు గంటల్లో ఒక్క గంట కూడా అతను ఇంట్లో ఉండడు. నాకు ఆ సంగతి తెలియక కాదు. వాటా వేసేటప్పుడు తలలు లెక్కపెట్టడం అలవాటు, గంటలు కాదు.

వారం తర్వాత శుక్రవారం నేను పుస్తకం రాసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నేనొచ్చేసరికి రూం ఫ్రిజ్ లెక్క ఉంటున్నది. కాళ్లు రాళ్లయితున్నయి. పగటిపూట ఒక్క రెండు గంటలు పెట్టుకోనియ్యి."

"రెండు గంటలంటే నాలుగు యూనిట్లు తమ్మీ. నెలకు ముప్పై ఆరు రియాళ్లు. నీ ఒక్కని మీదనే పడతది."

"నా ఒక్కని మీదనే ఎట్ల పడతది? మీరు పెట్టుకునేదాంట్ల నా వాటా లేదా?"

నేను జవాబు చెప్పేలోపు పక్క మంచం మీద పడుకున్న డ్రైవర్ అందుకున్నాడు. "పగలు ఎండ ఫ్రీనే గదనే. మేడెక్కి పండుకో, యజమాని పెండ్లాం చాయ్ పోస్తది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాకు ఆ నవ్వు సాయంగా వచ్చింది. అతణ్ని హీటరు వాటా నుంచి తీసేస్తే మిగతా ఏడుగురికీ తలకు ఇరవై రియాళ్ల మీద యాభై ఏడు హలలాలు చిల్లర తేలుతుంది, ఎనిమిది మందికి పద్దెనిమిది అయితే గుండుగా ఉంటుంది అని అప్పటికే మనసులో వేసుకున్నాను. వాటాలు ఒకసారి కదిలిస్తే ఎక్కడా ఆగవని చెప్పి పుస్తకం మూసేశాను.

మూడు నాలుగు రోజులకు అతనే దారి వెతుక్కున్నాడు. నూనె డబ్బాను అడ్డంగా కోసి, హోటల్ గుంత పొయ్యిలో మిగిలిన బొగ్గులు సంచిలో తెచ్చుకుని, వాటిని బయట రాజేసి, పొగ పోయాక డబ్బాను తన మంచం కింద పెట్టుకున్నాడు. శుక్రవారం పగలు మేమంతా ఇంట్లో ఉన్నప్పుడు అది చూశాం. ఎవరో జాగ్రత్త అన్నారు. మంట గురించే అన్నారు, పరుపు అంటుకుంటుందేమోనని.

"ఏమైతదే," అన్నాడు అతను. "మా అమ్మ నా పెండ్లాం మంచం కింద నెల దినాలు పెట్టింది కుంపటి. తల్లికేమన్నయిందా, పిల్లకేమన్నయిందా?"

అది నిజం. మా వైపు బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టని ఇల్లు లేదు. మేమంతా ఆ వేడి మీద పెరిగినవాళ్లమే. డ్రైవర్ ఊరుకోలేదు. "మరి నీకేం పుట్టింది? పోరడా, పిల్లనా?" అన్నాడు. ఆ రోజు నుంచి అతణ్ని అందరూ బాలింత అని పిలవడం మొదలుపెట్టారు. పొద్దున డ్యూటీకి పోతూ "బాలింతకు కారం తక్కువ వెయ్యండ్రి" అని వంటింట్లోకి కేక వేసేవాళ్లు.

నేను మాత్రం బొగ్గులకు ఎంతయిందని అడిగాను. పైస ఖర్చు లేదన్నాడు, పారబోసేవే కదా అన్నాడు. నాకు అది నచ్చింది. మంచి ఉపాయం చేసినవ్ తమ్మీ అన్నాను. పుస్తకంలో 'పగటి వేడి' అని ఒక వరుస గీసి దాని ఎదురుగా సున్నా వేశాను.

మా ఇళ్లకు గూనపెంకుల కప్పులు. కింద ఏది కాల్చినా పెంకుల సందుల్లోంచి వెళ్లిపోతుంది. కప్పు చేసే ఆ పని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నేనూ తీసుకోలేదు.

ఇక రెండో ఉపాయం నాది. నాలుగు గంటల వేడి గదిలో నిలవాలంటే సందులు మూయాలి. సైట్‌లో సగం వాడి పడేసిన సిలికాన్ గొట్టాలు తెచ్చాను. అగరుబత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట మెల్లగా జరుపుతూ పోయాను. పొగ వంగిన చోటల్లా సిలికాన్ పట్టించాను. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టాను. ఐదుగురం పడుకునేది పెద్ద గదిలో కాబట్టి అది ముందు చేశాను. పదికి హీటరు ఆపినా తెల్లారేవరకు గది చల్లబడటం తగ్గింది. ఒక చిన్న థర్మామీటరు కొని గోడకు తగిలించి రాసుకున్నాను. రెండు డిగ్రీలు లాభం.

చిన్న గదికి సిలికాన్ మిగల్లేదు. అక్కడ పాత విండో ఏసీ తీసేసిన పెద్ద కంత ఒకటి ఉండేది, దానికి ప్లైవుడ్ ముక్క ఆనించి ఉంచాం, చుట్టూ వేలు దూరేంత సందు. నెల దాటాక సైట్‌లో గొట్టాలు దొరికాయి. పద్ధతి మొదలుపెట్టిన నలభయ్యో రోజు, శుక్రవారం, చిన్న గది పని పెట్టుకున్నాను. అతను నిద్ర లేచి వచ్చి స్టూలు పట్టుకున్నాడు. కంతలో థర్మోకోల్ కుక్కి, మీద ప్లైవుడ్ బిగించి, నాలుగు అంచులా సిలికాన్ పెట్టాను. తర్వాత కిటికీ, తర్వాత తలుపు. థర్మామీటరును ఈ గది గోడకు మార్చాను. చివర అగరుబత్తి పట్టుకుంటే పొగ దారం కట్టినట్టు నిటారుగా లేచింది.

"ఇగ నా రూం గూడ గట్టిగైంది," అన్నాడు అతను. చేతి వేలితో సిలికాన్ సాపు చేస్తూ నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత అతనికి నేనేదో చేసినట్టు నాకూ అనిపించింది.

మర్నాడు శనివారం. నా సైట్ ఇంటికి పది నిమిషాల దూరం. మామూలుగా మధ్యాహ్నం అన్నం అక్కడే తింటాను. ఆ రోజు టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాను. చిన్న గదిలోని వేడి చూసుకోవాలి, అంతకుమించి కారణం లేదు. సిలికాన్ పెట్టక ముందు పగలు పదకొండు డిగ్రీలుండేది. ఇప్పుడు ఎంతుందో రాసుకోవాలి.

ముందు మీటరు చూశాను, రీడింగు రాసుకున్నాను. గది తలుపు మూసి ఉంది. పగలు పడుకునేవాణ్ని లేపకూడదన్నది మా ఇంటి నియమం, నేను పెట్టిందే. అతను ఏదో ఒక వేళ నీళ్లకు లేస్తాడు, అప్పుడు లోపలికి వెళ్లి చూద్దామని గుమ్మం బయట కూర్చుని డబ్బా తెరిచాను. పప్పు, అన్నం. లోపల ఫోను మోగింది. చాలాసేపు మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఇంత మొద్దు నిద్ర ఏమిటనుకున్నాను. మూడోసారి మోగినప్పుడు ముద్ద చేతిలోనే ఉంది. అతని గురక గోడ అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు ఫోను తప్ప ఏ చప్పుడూ లేదు.

తలుపు తట్టాను. పిలిచాను. లోపల గడియ పెట్టి ఉంది. భుజంతో తోశాను, కదల్లేదు. తలుపు కింద చూద్దామని నేల మీద పడుకున్నాను. నేను కొట్టిన రబ్బరు పట్టీ తప్ప ఏమీ కనబడలేదు. ముక్కు ఆనించినా లోపలి నుంచి వాసన కూడా రాలేదు. అప్పుడు, ఆ నేల మీద పడుకుని ఉండగా, పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉన్న రెండు వరుసలు, బొగ్గులది ఒకటి, సిలికాన్‌ది ఒకటి, నా తలలో ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఇంటి వెనక్కి పరుగెత్తాను. టైల్స్ సుత్తి నడుముకే ఉంది. కిటికీ అద్దం మొదటి దెబ్బకు పగిలింది, కానీ ముక్కలు రాలలేదు. సిలికాన్ పట్టుకుని ఉంది. చేత్తో పీకాను. లోపలికి దిగి గడియ తీసి అతణ్ని చంకల కింద పట్టి లాగాను. దుప్పటి, చాప తడిసి ఉన్నాయి, కక్కుకున్నాడు. పెదాలు చలికి పగిలిన రంగులో లేవు, ఎర్రగా బాగున్నట్టు ఉన్నాయి. అది చూసి ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆ ఎరుపు బొగ్గుల విషగాలిదని తర్వాత తెలిసింది. వాకిట్లో పడుకోబెట్టి ఛాతీ మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి ఎన్ని అని కాదు, ఇంకొకటి వస్తుందా అని.

మేడ మీంచి యజమాని దిగి వచ్చాడు. గది గుమ్మం దాకా వెళ్లి మంచం కింద డబ్బా చూశాడు. "ఫహమ్?" అన్నాడు. బొగ్గులా అని. తల ఊపాను. అంబులెన్స్‌కు ఫోను అతనే చేశాడు.

ఆసుపత్రిలో అతని ముఖానికి ఆక్సిజన్ తొడిగారు. సాయంత్రానికి ఒక నర్సమ్మ బయటికి వచ్చి, నా చేతిలోని పాస్‌పోర్టు కాపీ చూసి తెలుగులోనే అడిగింది. కోస్తా వైపు మాట.

"మీరు ఆయనకేమవుతారండీ?"

"ఒక్క రూం వాళ్లమమ్మా."

"గదికి గాలి వచ్చే సందేమీ లేదాండీ? బొగ్గులు ఎంతసేపు ఉన్నాయి?"

"రెండు గంటలు. సందు లేదమ్మా. సలి అని మూసినం."

"ఎవరు మూశారండీ?"

ఆమె కాగితంలో రాసుకోవడానికి అడుగుతోంది, నిలదీయడానికి కాదు. నేను "మేమే" అన్నాను. ఆ మాటలో నా వంతు ఎనిమిదో భాగమే. ఆమె రాసుకుని లోపలికి వెళ్లిపోయింది. బతుకుతాడో లేదో ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. పొద్దున లోపలికి వెళ్లిన డ్రైవర్ బయటికి వచ్చి, కళ్లు తెరిచాడు, నన్ను చూసి నువ్వెవలు అన్నాడు అని చెప్పి గోడకానుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో బాలింత అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చి చిన్న గది కంతలోంచి ప్లైవుడ్, థర్మోకోల్ పీకేశాను. గాలి రావాలని పీకానని అందరికీ చెప్పాను. అది నిజమే. ఎవరూ పనుల నుంచి రాకముందే పీకాను, అదీ నిజమే. మూసింది నేనని మిగతా ఆరుగురికీ తెలుసు. బొగ్గులు పెట్టింది అతనని తెలుసు. ఎవరూ ఆ రెండింటినీ కూడలేదు. ఆ ఇంట్లో కూడటం నా పని.

తొమ్మిదో రోజు అతణ్ని గదికి తెచ్చాం. ఊరు, పెళ్లాం, పిల్లలు, బోరు అప్పు అన్నీ జ్ఞాపకమే. ఆ చలికాలం మాత్రం లేదు. హీటర్ల వేళలు, నాతో జరిగిన మాట, స్టూలు పట్టుకోవడం, ఏదీ లేదు. ఎడమ చెయ్యి గ్లాసు పట్టుకుంటే గ్లాసు వణికేది. అతను భయపడింది చేతికి కాదు. హోటల్ వాళ్లు పంపేస్తారేమోనని. "పదిహేడు నెలలు అన్నా, గంతే గావాలె నాకు," అనేవాడు. రోజుకు నాలుగైదు సార్లు అనేవాడు, అన్న సంగతి మరిచిపోయి.

పనిలోకి వెళ్లాడు. వారంలో రెండుసార్లు ఒకే అన్నంలో రెండోసారి ఉప్పు వేశాడు. ఒకరోజు గుంత మీది ఇనుప మూత చేతి నుంచి జారింది, పక్కవాడి పాదం తప్పించుకుంది. మేనేజరు మంచివాడే, ఇంకో వారం చూశాడు. తర్వాత వీసా ఇచ్చిన కఫీల్ ఎగ్జిట్ వేయించాడు, అంటే ఇక ఇంటికే. వెళ్లే ముందు రోజు మేము తలా వంద వేసి ఏడు వందలు చేతిలో పెట్టాం. అతను ఆ నోట్లు లెక్కపెట్టలేకపోయాడు. మూడుసార్లు మొదలుపెట్టి నాకిచ్చి, "నువ్వు చెప్తె సరే అన్నా," అన్నాడు.

విమానాశ్రయానికి డ్రైవరే తీసుకెళ్లాడు. నేను మీటరు రీడింగు తీసి ఏడుతో భాగించడం మొదలుపెట్టాను.

అప్పటి నుంచి నెలకొకసారి ఫోను చేస్తాను. చెప్పేయాలనే చేస్తాను. ఒకసారి ఆ మాట ఎత్తాను కూడా. ఆ కిటికీలు, ఆ కంత అని మొదలుపెట్టాను. అతను అడ్డం వచ్చాడు.

"గవన్నెందుకన్నా. మూసిన రూంల బొగ్గులు పెట్టుకున్న, నా తెలివి తక్కువ. మా ఇంటిది రోజూ అదే అంటది. నువ్వు రాకపోతె నేను పెట్టెల వస్తుంటి."

వెనక నుంచి అతని భార్య, అన్నకు దండాలు చెప్పు అంటోంది. నేను ఊ అన్నాను.

తర్వాత ఐదు వందల రియాళ్లు పంపాను. పిల్లల పుస్తకాలకని చెప్పాను. వాళ్లు సాయం అనుకున్నారు. సాయం పేరుతో పంపింది బాకీ కింద జమ కాదు, ఆ నియమం నాకు తెలుసు. బాకీ తీరాలంటే అది దేనికో అవతలివాడికి తెలియాలి. అందుకే ఆ ఐదు వందలు వేరే పేజీలో ఉన్నాయి.

అతని పేజీ ఇంకా కొట్టివేయలేదు. హీటర్ల కింద నెలకు తలకు పద్దెనిమిది రియాళ్లు, రోజుకు అరవై హలలాలు. నలభై ఒక్క రోజులు అతను మా అందరితో సమానంగా కట్టాడు, ఒక్క గంట వేడి కూడా పొందలేదు. తిరిగి ఇవ్వాల్సింది ఇరవై నాలుగు రియాళ్ల అరవై హలలాలు.